ఆరు పెట్టెలు, ఒక చెవి పరీక్ష
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న గురువులకు పాదాభివందనం. ముందు వరుసలో కూర్చున్న మన భౌతికశాస్త్రం మాస్టారికి ఇంకోసారి ప్రత్యేకంగా. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది కదా, పిల్లలకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. "పియానో సంగీతం గురించి మాట్లాడతానండీ" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మీ ఇష్టం సార్, ఇరవై నిమిషాలు దాటకుండా చూడండి" అన్నారు. దాటనివ్వను.

విషయం చిన్నది. మొన్న వేసవిలో మేం ఇల్లు మారాం. సామాను సర్దుతూ మా ఆవిడ పుస్తకాల అల్మరా దగ్గర ఆగింది. అందులో ఆరు పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టెలో ఎనిమిది నుంచి పదకొండు దాకా సీడీలు. ఆరింటి మీదా ఉన్నది బీథోవెన్ పేరే.

"ఏమండీ, ఈ ఆరింట్లోనూ ఉన్నవి అవేనా?"

"అవే. ముప్ఫై రెండు పియానో సొనాటాలు. ఒక దాంట్లో మాత్రం అయిదు తక్కువ."

"అయితే బాగున్నది ఒకటి ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యండి."

న్యాయమైన మాట. ఆ బాగున్నది ఏదో తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల సంగతే ఇవాళ చెప్పబోతున్నాను.

అసలు ఈ సంగీతం నాకెలా తగిలిందో ముందు చెప్పాలి. మన బడిలో నేను విన్న వాయిద్యం ప్రార్థనలో హార్మోనియం ఒక్కటే. పాట అంటే ఘంటసాల. ఇరవై ఏడేళ్ళ కిందట టర్బైన్ల శిక్షణ కోసం కంపెనీ నన్ను తొమ్మిది నెలలు జర్మనీ పంపింది. రైను నదికి దగ్గర్లో ఒక ఊళ్ళో, ఒక పెద్దావిడ ఇంటి పైగదిలో అద్దెకుండేవాణ్ణి. నాకు జర్మన్ రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాఫీకి పిలిచేవారు. మాట్లాడుకోవడానికి మాటల్లేవు గనక గ్రామఫోను పెట్టేవారు. అవి విల్హెల్మ్ కెంప్ఫ్ 1964, 65లలో వాయించిన రికార్డులు.

మొదటి రెండు ఆదివారాలూ నాకేమీ పట్టుబడలేదు. పాడేవాళ్ళు లేరు, తబలా లేదు, తల ఎక్కడ ఊపాలో తెలీదు. మూడో ఆదివారం ఒక సొనాటాలో రెండో భాగం వచ్చింది. 'పథెటీక్' అనే ఎనిమిదో సొనాటా అది. చాలా నెమ్మదైన వరస. ఎవరో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని, నువ్వేమీ మాట్లాడక్కర్లేదు అని భుజం మీద చెయ్యి వేసినట్టనిపించింది. ఇంటికి దూరంగా ఉన్నవాణ్ణి. కప్పులో కాఫీ చల్లారిపోయింది. ఆవిడ నా వైపు చూసి, ఏమీ అనకుండా ముల్లు వెనక్కి తీసి అదే భాగం మళ్ళీ పెట్టారు.

ఆ తర్వాత వారం రైలెక్కి బాన్ నగరం వెళ్ళాను. 1770లో బీథోవెన్ పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు. అక్కడ అద్దాల పెట్టెలో ఆయన వాడిన చెవి బాకాలున్నాయి, లోహంతో చేసినవి. వాటిని చేసిన మనిషి మెల్ట్‌జెల్. తాళం కొలిచే మెట్రోనోముకి పేటెంటు తీసుకున్నవాడూ ఆయనే. ఇంజనీరుని కదా, నేను ఆ రోజు బాకాల పనితనం చూశాను. అవి ఎందుకు అవసరమయ్యాయో ఆలోచించలేదు. ఆ ఆలోచన మొన్నటిదాకా రాలేదు.

సొనాటా అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు భాగాలుగా ఉండే వాయిద్య రచన. బీథోవెన్ మొదటివి 1795 ప్రాంతంలో, పాతికేళ్ళు నిండకముందే రాశాడు. చివరిది 1822లో, యాభై ఒకటో ఏట పూర్తి చేశాడు. ముప్ఫై రెండూ వరసగా వింటే పది గంటల పైమాటే. మధ్యలో 1802లో, చెవుడు ముదురుతోందని తెలిసి, తమ్ముళ్ళకు ఒక ఉత్తరం రాసి పంపకుండా దాచుకున్నాడు. అది ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. చివరి సొనాటాలు రాసే నాటికి వచ్చినవాళ్ళు తమ మాటలు పుస్తకంలో రాసి చూపించాల్సి వచ్చేది.

మన సంగీతంలో కృతి ఒకటే అయినా పాడేవారు సంగతులు వేస్తారు, నెరవు చేస్తారు, స్వరాలు కల్పిస్తారు. అక్కడ ప్రతి స్వరమూ కాగితం మీదే ఉంటుంది. అలాంటప్పుడు ఆరుగురు వాయిస్తే తేడా ఏముంటుందని మా ఆవిడ అడిగింది. నేను మన బడినే ఉదాహరణ చెప్పాను. పోతన పద్యం మనకి ఇద్దరు తెలుగు మాస్టార్లు చెప్పారు. ఒకాయన గొంతెత్తి చదివితే పక్క క్లాసు వాళ్ళు కూడా పాఠం ఆపేవారు. ఇంకొకాయన ప్రతి మాట దగ్గరా ఆగి, మన మొహాలు చూసి ముందుకెళ్ళేవారు. అక్షరం మారలేదు, పద్యం మారింది. ఇదీ అంతే.

సరే, ఎంపిక. మనకి తెలిసిన పద్ధతి ఒకటే కదా, పట్టిక గీశాను. అయిదు నిలువు వరసలు: స్వరాల కచ్చితత్వం, వేగం, శబ్దం స్పష్టత, సంపూర్ణత, మళ్ళీ వినాలనిపించడం. ఒక్కోదానికి ఇరవై మార్కులు. ఆరుగురు అభ్యర్థులు: ఆర్టూర్ ష్నాబెల్, విల్హెల్మ్ కెంప్ఫ్, ఎమిల్ గిలెల్స్, అన్నీ ఫిషర్, ఆల్ఫ్రెడ్ బ్రెండెల్, మౌరిజియో పొలీని. రాత్రి భోజనాలయ్యాక రోజుకొక సొనాటా, ఇద్దరు ముగ్గురి చేతుల్లో విన్నాను.

మొదటి స్థానం పొలీనికి వచ్చింది. 1975లో మొదలుపెట్టి 2014 దాకా, దాదాపు నలభై ఏళ్ళు తీసుకుని రికార్డు చేశాడు. ఎంత కష్టమైన చోటైనా ప్రతి స్వరమూ విడివిడిగా, అద్దంలో చూసినట్టు వినిపిస్తుంది. రెండో స్థానం బ్రెండెల్‌కి, మూడోది కెంప్ఫ్‌కి. మిగతా ముగ్గురూ తనిఖీలో తప్పారు.

ఎందుకు తప్పారో చెబుతాను. మా కర్మాగారంలోకి సరుకుగా వస్తే ఆ మూడు పెట్టెలకీ నేనే ఎర్ర చీటీ కట్టి వెనక్కి పంపేవాణ్ణి.

గిలెల్స్‌ది అసంపూర్ణం. ఒడెస్సాలో పుట్టిన సోవియట్ కళాకారుడాయన. 1970లలో మొదలుపెట్టి ఒక్కొక్కటే రికార్డు చేస్తూ వచ్చాడు. 1985 అక్టోబరులో చనిపోయే నాటికి ఇంకా అయిదు మిగిలాయి. ఆ అయిదింట్లో చివరిది, ముప్ఫై రెండోది కూడా ఉంది. పెట్టె చివరికొచ్చేసరికి మెట్లెక్కుతూ పై మెట్టు లేక ఆగిపోయినట్టుంటుంది.

అన్నీ ఫిషర్‌ది ఆమోదం లేని సరుకు. ఈ హంగేరీ ఆవిడ 1977, 78లలో బుడాపెస్ట్‌లో ముప్ఫై రెండూ రికార్డు చేసింది. ఆ టేపులు ఆవిడకి తృప్తినివ్వలేదు. ఏళ్ళ తరబడి వాటిని సరిచేస్తూనే ఉంది. బతికుండగా విడుదల చెయ్యనివ్వలేదు. 1995లో ఆవిడ పోయాకే అవి బయటికొచ్చాయి. వింటే గది దద్దరిల్లుతుంది. ఇంత బాగా వాయించిన మనిషి ఎందుకు ఒప్పుకోలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ష్నాబెల్‌ది లోపాలున్న సరుకు. ముప్ఫై రెంటినీ మొట్టమొదట రికార్డు చేసింది ఈయనే. 1932 నుంచి 1935 దాకా, లండన్‌లో అబ్బీ రోడ్ స్టూడియోలో. అప్పుడు టేపు లేదు. పళ్ళెం మీద ఒక్కో వైపూ నాలుగు నిమిషాల సుమారు పడుతుంది. ఒక తప్పు దొర్లితే ఆ వైపంతా మళ్ళీ మొదటినుంచి వాయించాలి, అతుకు వెయ్యడం కుదరదు. ఆ పని సగంలో ఉండగానే, 1933లో నాజీలు అధికారంలోకి రావడంతో, యూదుడైన ష్నాబెల్ బెర్లిన్ వదిలి వచ్చేశాడు. జర్మనీలో మళ్ళీ ఎన్నడూ కచేరీ చెయ్యలేదు.

ఇరవై తొమ్మిదో సొనాటాకి 'హామర్‌క్లావియర్' అని పేరు. ముప్ఫై రెంటిలో బీథోవెన్ స్వయంగా మెట్రోనోము అంకె వేసింది దీనికొక్కదానికే. ఆ అంకె చూసి చాలామంది వేగం తగ్గించి వాయిస్తారు. ష్నాబెల్ తగ్గించలేదు. దాదాపు రాసిన వేగంతోనే వెళ్ళాడు. ఫలితంగా మొదటి భాగంలో స్వరాలు తప్పాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ తప్పులతోనే అది లోకంలోకి వెళ్ళింది. నా పట్టికలో కచ్చితత్వానికి ఇరవైకి తొమ్మిది వేశాను. వేసిన రాత్రే నాకు ఈ బడి గుర్తొచ్చింది.

పదో తరగతి, మార్చి ఎండలు. భౌతికశాస్త్రం మాస్టారు శృతిదండం ఇచ్చి, గాలిలో ధ్వని వేగం కనుక్కోమన్నారు. పొడవైన నీళ్ళ జాడీలో గాజు గొట్టం. గొట్టం మెల్లగా పైకెత్తుతూ పోతే రెండు చోట్ల శబ్దం గట్టిగా మోగుతుంది. ఆ రెండు కొలతల తేడాని రెట్టింపు చేసి, 512తో గుణిస్తే వేగం వస్తుంది. నేను పుస్తకంలో 331 మీటర్లు అని ముందే చూసుకున్నాను. గొట్టం ముట్టుకోకుండానే, 331 వచ్చేలా వెనక నుంచి లెక్క కట్టి, తేడా 32.3 సెంటీమీటర్లు అని రాశాను. నా పక్క బెంచీ వాడు నిజంగానే ఎత్తి, చెవి పెట్టి, మూడుసార్లు కొలిచాడు. వాడికి 356 వచ్చింది. "ఒరేయ్, తప్పొచ్చిందిరా, దిద్దుకో" అన్నాను. "వచ్చింది రాశాను, నాకెందుకు" అన్నాడు.

మాస్టారు వాడికి పదికి ఎనిమిది వేశారు. నాకు రెండు. నా పుస్తకం ఎత్తి పట్టుకుని, "పుస్తకంలో 331 అనేది సున్నా డిగ్రీల దగ్గరరా. డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతుంది. ఈ ఎండలో 350 రావాలి. నీకు 331 వచ్చిందంటే మన ల్యాబులో మంచు కురుస్తోందన్నమాట" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఏడాది పాటు నన్ను 'మంచు' అని పిలిచారు. అలా పిలిచినవాళ్ళు ఈ హాల్లో కనీసం పదిమంది ఉన్నారు, కొందరు ఇప్పుడూ నవ్వుతున్నారు.

ఆ పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. లేదని ఈ మూడు నెలల్లోనే తెలిసింది.

పట్టిక సగంలో ఉండగా ముప్ఫై రెండో సొనాటా పొలీని చేతుల్లో పెట్టాను. దాని రెండో భాగంలో ఒక చోట కుడిచెయ్యి బాగా పైకెళ్ళి, రెండు పక్క పక్క స్వరాల్ని ఆగకుండా వణికిస్తుంది. పదిహేనేళ్ళ కిందట అదే సీడీలో అక్కడ గాజు మీద వెండి చెంచాతో మీటినట్టు వినేవాణ్ణి. ఈసారి తెర వెనక నుంచి వస్తున్నట్టుంది. స్పీకరు పాడైందనుకున్నాను. తీగలు మార్చాను. స్పీకరు మార్చబోతుంటే మా ఆవిడ, "పాడైంది స్పీకరు కాదేమో, ఒకసారి చెవులు చూపించుకోండి" అంది. అప్పటికి ఇంట్లో చాలా జరిగింది. ఒకరోజు పొద్దున్నే ఆవిడ "పక్కింటి సారు వచ్చారు" అంటే, "పొద్దున్నే చారేమిటి?" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను.

వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా బొత్తాం నొక్కమంటారు. నా ఎదురుగా అద్దంలో, పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి మిషను మీద కదలడం కనిపిస్తోంది. వినపడనప్పుడు కూడా ఆ చెయ్యి చూసి నొక్కాను. యాభై ఆరేళ్ళవాణ్ణి. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ రీడింగు దిద్దాను. ఆ అమ్మాయి రెండు నిమిషాలు చూసి, చాలా మర్యాదగా, "అంకుల్, కాస్త అటు తిరిగి కూర్చుంటారా?" అంది.

అటు తిరిగి కూర్చున్నాక వచ్చిన గీత నిజమైనది. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలోకి దిగింది, ఎడమ వైపు ఇంకా లోతుగా. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో వచ్చే గొయ్యి అది. పియానో మీద చిట్టచివరి కుడి మెట్టు మోగేది 4186 హెర్ట్జ్ దగ్గర. అంటే మెట్లన్నీ నాకింకా దాదాపు వినపడతాయి. వాటికి మెరుపునిచ్చేవి ఆ పైనుండే అనుస్వరాలు, అవి పోయాయి. స, చ, త లాంటి హల్లుల్ని విడదీసి చూపించేది కూడా ఆ పై శబ్దాలే. అందుకే సారు చారు అయ్యారు.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. టర్బైన్ హాలులో ఇయర్ మఫ్‌లు కొక్కేనికి వేలాడుతుండేవి. పెట్టుకుంటే కుర్రాళ్ళు నవ్వుతారేమోనని, చెవితో వింటేనే బేరింగు సంగతి తెలుస్తుందని గొప్పలు పోయి, పదేళ్ళు పెట్టుకోలేదు. ఆ పరీక్ష కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, ఇంట్లో "అంతా బాగానే ఉందన్నారు" అని చెప్పాను. అది మూడో దిద్దుబాటు.

ఆ రాత్రి ఎవరూ లేకుండా తలుపేసుకుని ముప్ఫై ఒకటో సొనాటా పెట్టాను, ష్నాబెల్‌ది. 1821 చివర్లో, యాభై ఒకటి నిండిన నెలలోనే బీథోవెన్ దీని రాతప్రతి మీద తేదీ వేశాడు. నా కంటే అయిదేళ్ళు చిన్నవాడు, చెవులు మాత్రం నా కంటే చాలా ముందే పోయాయి. చివర్లో ఒక శోకగీతం వస్తుంది. తర్వాత ఒక వరసని ఒక గొంతు ఎత్తుకుంటే ఇంకో గొంతు వెంటపడే ఫ్యూగ్ మొదలవుతుంది. ఇక తేరుకున్నాడనుకునేలోగా అది ఆగిపోయి, శోకగీతం మళ్ళీ వస్తుంది. ఈసారి అర స్వరం కిందికి దిగి, మధ్య మధ్య తెగిపోతూ, ఊపిరి అందనివాడి మాటలాగా. అలసిపోయి, అని అక్కడ ఆయనే రాసిపెట్టాడు. ఆ తర్వాత ఒకే స్వరాల గుత్తి మళ్ళీ మళ్ళీ మోగుతూ గట్టిపడుతుంది. దాని వెనకే ఫ్యూగ్ తిరిగి వస్తుంది, వరస తలకిందులై, మెల్లగా ప్రాణం పుంజుకుంటూ.

1930ల నాటి పళ్ళెం. నూనెలో ఏదో వేగుతున్నట్టు గరగర. కానీ నాకు అందులో ఏదీ తక్కువనిపించలేదు. కారణం మరునాడు తట్టింది. ఆ కాలం మైకులకూ పళ్ళేలకూ ఆ పై మెరుపులు అసలే సరిగ్గా పట్టుబడవు. అంటే ఆ రికార్డులో లేనిదే నా చెవుల్లోనూ లేదు. పొలీనిది వింటే నేను పోగొట్టుకున్నదేమిటో తెలుస్తుంది. ష్నాబెల్ దగ్గర అతను వాయించింది వాయించినట్టు నాకు అందుతుంది, తప్పు స్వరాలతో సహా.

మరునాడు పొద్దున్న ఆ పరీక్ష కాగితం తీసి మా ఆవిడ ముందు పెట్టాను. చదివి, "ఈ మాట నాకు రెండేళ్ళ నుంచి తెలుసు" అంది. కాఫీ తేవడానికి లేచి వెళ్ళింది. నెల తర్వాత చెవి మిషను పెట్టించుకున్నాను. ఇదిగో, ఇప్పుడూ ఉంది. ఇందాక కాళ్ళకు దండం పెడుతుంటే మాస్టారు చూసి, తన చెవి మిషను తట్టి చూపించి నవ్వారు.

పట్టికలో నేను మార్కులు మార్చలేదు. అందులో ఇప్పటికీ పొలీనిదే మొదటి స్థానం, ష్నాబెల్ తప్పినట్టే ఉంది. ఉంచుకున్నది మాత్రం ష్నాబెల్‌ని. మార్కులు వాయించినవాళ్ళకి వేశాను, ఎంపిక నా చెవుల్నీ నా వయసునీ చూసి చేసుకున్నాను. ఇష్టమైనది ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను. మొదటిసారి వినేవాళ్ళకు మాత్రం ష్నాబెల్‌ని ఇవ్వకండి, గరగరకే పారిపోతారు. కెంప్ఫ్‌తో మొదలుపెట్టండి, ఆ పెద్దావిడ నాకు పెట్టినట్టు.

ఆ కెంప్ఫ్ పెట్టె ఇవాళ మన బడి గ్రంథాలయానికి ఇచ్చాను, వినడానికి ఒక ప్లేయరుతో సహా. పిల్లలూ, ఎనిమిదో సొనాటా రెండో భాగం పెట్టుకోండి. మొదటి రెండుసార్లు ఏమీ అర్థం కాకపోతే కంగారు పడకండి, మూడోసారికి రండి. ఫోన్లలో వినేటప్పుడు పక్కవాడికి కూడా వినపడేంత గట్టిగా పెట్టకండి. రేపు కర్మాగారాల్లో చేరితే కొక్కేనికున్న మఫ్‌లు తీసి పెట్టుకోండి, ఎవరు నవ్వినా సరే.

పొలీని మా అమ్మాయికి వెళ్ళాడు, బ్రెండెల్ ఒక మిత్రుడికి. ఇక గిలెల్స్, అన్నీ ఫిషర్. ఒక్క పెట్టే ఉంచుకున్నానని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నాలుగో వరుసలో కూర్చుని ఉంది గనక ఇక్కడే చెప్పేస్తున్నాను: ఆ రెండూ కొత్తింట్లో పై అరలో, దుప్పట్ల వెనకున్నాయి. అసంపూర్ణమైనదాన్నీ, ఆమోదం పొందనిదాన్నీ ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

మాస్టారూ, ఈసారి రీడింగులు ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఎన్ని వేస్తారో మీ ఇష్టం.

సెలవు.